ఎర్ర కారు అడుగున

"కారేది?" అంది ఆ అమ్మాయి.

పలకరింపు లేదు, నేను ఫలానా అని చెప్పుకోవడం లేదు. గేటు దగ్గర వానలో నిలబడి, ఒక చేత్తో టార్చి, ఇంకో చేత్తో పనిముట్ల సంచి పట్టుకుని, ఖాళీగా ఉన్న గ్యారేజీ వంక చూస్తూ అడిగింది.

కళ్ళజోళ్ళబ్బాయి చొక్కా కాలరు సర్దుకున్నాడు. పొద్దున్నుంచి చొక్కా తర్వాత చొక్కా మార్చి, చివరికి తెల్లదాని దగ్గర ఆగి, అద్దం ముందు ఏం మాట్లాడాలో ప్రాక్టీసు కూడా చేసుకున్నాడు పాపం. ఆ ప్రాక్టీసులో ఆమె నవ్వుతూ వచ్చింది, ఇతను "రండి, రండి" అన్నాడు. ఇంత సీరియస్ మొహం అందులో ఎక్కడా లేదు.

వీధి చివరి కళ్ళజోళ్ళ షాపు అతనిది కాబట్టి అందరూ అతన్ని ఆ పేరుతోనే పిలుస్తారు. ఆమెది పాత కార్లు చూసిపెట్టే పని. పాత స్పోర్ట్స్ కారు మీద మనసు పడ్డవాళ్ళు, కొనేముందు ఆమెని తీసుకెళ్తారు. ఆమె కింద దూరి, తట్టి, గోకి, కొనొచ్చో వద్దో చెబుతుంది. ఈసారి మనసు పడింది సాక్షాత్తు ఆమె అన్నయ్యే. అమ్ముతున్నది కళ్ళజోళ్ళబ్బాయి తండ్రి. ఒకప్పుడు కొండ రేసుల్లో నడిపిన ఆ పెద్దాయనకి ఇప్పుడు మోకాలు మొరాయించి క్లచ్ తొక్కడం కష్టమైపోయింది. అందుకే ఎర్రటి రెండు తలుపుల కారుని గుండె రాయి చేసుకుని అమ్మకానికి పెట్టాడు.

పేరుకి బేరం వాళ్ళిద్దరిది. ఫోన్లో మాట్లాడుకుంటున్నది మాత్రం వీళ్ళిద్దరూ. అడుగుభాగం ఫొటోలు పంపమని ఆమె అడిగితే, ఇతను తళతళలాడే బానెట్ ఫొటో పంపాడు. "ఇది కాదండీ, అడుగుభాగం" అంటే డిక్కీ పంపాడు.

"మీరు కారు అమ్ముతున్నారా, దానికి పెళ్ళిసంబంధాలు చూస్తున్నారా?" అని ఫోన్లో నవ్వింది ఆమె.

ఆ నవ్వు దగ్గరే అతని పని అయిపోయింది. తర్వాత్తర్వాత ఆమె ఫోను వస్తే చాలు, చూపు పరీక్షకి కూర్చున్న మనిషిని అక్షరాల బోర్డు ముందు అలాగే వదిలేసి బయటికి పరిగెత్తడం మొదలుపెట్టాడు.

నిన్నటి ఫోన్లో ఆమె ఒక్కటే అడిగింది. "మా అన్నయ్యకి ఎర్ర కారు కనిపిస్తే ఒళ్ళు తెలీదు. నేను వచ్చి చూసేదాకా వాడిని నడపనివ్వకండి. మాటివ్వండి."

ఇచ్చాడు.

"కారేదండీ అంటే మాట్లాడరేం?" అంది ఆమె గేటు దగ్గర.

"మీ అన్నయ్యగారు కొంచెం ముందే వచ్చారు," అన్నాడు నేల చూపులు చూస్తూ. "నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని అలా ఒక రౌండు వేసొస్తానని..."

"మీరు మాటిచ్చారు."

"ఇప్పుడే వచ్చేస్తారండీ. మీరు లోపలికి రండి, తడిసిపోతున్నారు."

ఆమె లోపలికి రాలేదు. తిట్టినా బాగుండుననిపించింది అతనికి. ఆమె అతన్ని దాటుకుని గ్యారేజీలోకి వెళ్ళి, కారు నిలబడి ఉండే చోట టార్చి వేసి చూడటం మొదలుపెట్టింది. ఇక లాభం లేదని అతను కారు గొప్పలు అందుకున్నాడు.

"చూశారా, నేల మీద ఒక్క ఆయిల్ చుక్క ఉండదు. ప్రతి ఆదివారం నేనే కడుగుతాను. పైపు పెట్టి పైకప్పు నుంచి మొదలుపెడతాను. సన్‌రూఫ్ చుట్టూ ఉన్న సందుల్లో కూడా మట్టి ఉండనివ్వను. షాంపూ వేరే, వ్యాక్సు వేరే."

"ఊఁ."

"ఇంకోటి చెబితే మీరే మెచ్చుకుంటారు. తలుపుల కింద అడుగున చిన్న చిన్న కన్నాలున్నాయి. రోడ్డు మీది నీళ్ళు వాటిలోంచి లోపలికి పోతే తుప్పు కదా. ఎవరికీ ఈ ఆలోచన రాలేదు. నేనే దొరికిన సీలెంట్ జిగురంతా పెట్టి ఒక్కటి వదలకుండా మూసేశాను. పైన నల్ల కోటింగ్ కూడా వేశాను, కనపడకుండా."

ఆమె వెనక్కి తిరిగింది.

"ఏ కన్నాలు?"

"అవే, అడుగున..."

"తలుపుల కింద పొడుగ్గా పెట్టెలా ఉంటుందే, సిల్ అంటాం. దాని కన్నాలా?"

"అవే."

"ఎప్పుడు మూశారు?"

"చాలా కాలమైంది. ఎందుకండీ?"

ఆమె మోకాళ్ళ మీద కూర్చుని నేల మీద నుంచి ఏదో తీసింది. అరచేతిలో పెట్టుకుని అతనికి చూపించింది. ఒకవైపు నల్లగా, అతను వేసిన కోటింగే. ఇంకోవైపు గోధుమరంగులో, ఉల్లిపొరల్లా పొరలు పొరలుగా ఇనుము. వేలితో నొక్కితే పొడైంది.

"కన్నాలు నీళ్ళు లోపలికి రావడానికి కాదు, బయటికి పోవడానికి," అంది. గొంతు చాలా మెల్లగా ఉంది. "సన్‌రూఫ్‌లో పడ్డ నీళ్ళు చిన్న గొట్టాల్లోంచి ఆ సిల్‌లోకే దిగుతాయి. మీరు పైనుంచి ప్రతి ఆదివారం పోస్తున్నారు. కింద మూసేశారు. ఆ నీళ్ళన్నీ ఎక్కడికి పోయాయనుకున్నారు?"

అతను ఆ పొడి వంకే చూస్తూ ఉండిపోయాడు. ఎన్ని ఆదివారాలు, ఎన్ని బకెట్లు, అంతా కళ్ళ ముందు కదిలింది. మెచ్చుకుంటుందని ఎదురుచూసిన మనిషి చేతిలో తన తెలివితేటలు పొడిపొడిగా కనిపించాయి.

"ఇది ఎక్కడ పడిందో చూడండి. వెనక చక్రం పక్కన. చక్రాన్ని పట్టుకునే ఆర్మ్ ఆ సిల్ చివరే బిగించి ఉంటుంది. అది ఊడితే చక్రం దాని దారిన అది పోతుంది. ఎటు వెళ్ళారు వాళ్ళు?"

"కొండ రోడ్డు మీదికి. కొండ కొసనున్న టవర్ దాకా వెళ్ళి దిగుతామన్నారు."

"ఎక్కేటప్పుడు పర్వాలేదు. దిగేటప్పుడే బ్రేకులు, మలుపులు. ఫోన్ చేయండి."

అతను నాన్నకి చేశాడు. ఇంట్లో ఫ్రిజ్ మీద మోగింది. ఆ కారులో కూర్చునేటప్పుడు పెద్దాయన ఎప్పుడూ ఫోను తీసుకెళ్ళడు. ఆమె అన్నయ్యకి చేసింది. అందుబాటులో లేరని వినిపించింది.

"బయట నా వ్యాన్ ఉంది, ఎక్కండి," అంది ఆమె.

*

వ్యాన్ ముందు రెండే సీట్లు. వెనకంతా పనిముట్ల పెట్టెలు. ఆమె ఎలా నడిపిందంటే, ప్రతి మలుపులోనూ ఆ పెట్టెలన్నీ కలిసి అటూ ఇటూ జరిగి వాళ్ళిద్దరి మీద విసుక్కున్నాయి. వైపర్లు వానని తోస్తున్నాయి, వాన మళ్ళీ వచ్చి పడుతోంది. తెల్లచొక్కా గతి ఇక చెప్పక్కర్లేదు.

"మా వదిన కడుపుతో ఉంది," అంది ఆమె రోడ్డు మీది నుంచి చూపు తిప్పకుండా. "పొద్దున్న నా చెయ్యి పట్టుకుని, మీ అన్నయ్య సంగతి నీకు తెలుసుగా, కాస్త చూసుకో అంది. నేను సరే అన్నాను. మీరు మాటిచ్చారు కాబట్టి సరే అన్నాను."

"తప్పు నాదే."

"అందరికీ చూపు సరిచేస్తారు. కారు అడుగున ఏముందో ఒక్కసారి వంగి చూడలేకపోయారు."

"వంగి చూశానండీ. చూసే కదా మూశాను."

ఆ మాటకి ఇంకోరోజైతే ఆమె పగలబడి నవ్వేది. ఇప్పుడు పెదవి కొరుక్కుని గేరు మార్చింది. అతనికి ఆమె వంక చూడాలని ఉంది, చూసే మొహం లేదు. పక్కనే ఆమె, బయట వాన, ఇన్నాళ్ళూ కలగన్నదంతా ఒక్కచోట చేరింది. అతని మనసులో మాత్రం నాన్న తప్ప ఇంకేం లేదు. బెల్టు పెట్టుకున్నాడో లేదో అనుకుంటూ కూర్చున్నాడు.

కొండ ఎక్కుతున్నకొద్దీ ఎదురుగా వచ్చే ప్రతి వాహనాన్నీ కళ్ళు చిట్లించి చూశారు. లారీ. బస్సు. ఇంకో లారీ. ఒక మలుపులో ఎర్రగా ఏదో కనిపించి ఆమె బ్రేకు తొక్కింది. ఎవరిదో ట్రాక్టరు.

"ఇక్కడెక్కడైనా ఆగుతారా?"

"పైన వెడల్పు చోటు ఒకటుంది. నాన్న రేసులు ఆడే రోజుల్లో అక్కడ ఇంజన్ చల్లార్చేవాడట. ఆగితే అక్కడే."

"ఆగకపోతే?"

అతను ముందుకి వంగి అద్దం మీది ఆవిరి తుడిచాడు.

ఆగారు. పెద్దాయన కాబోయే ఓనరుకి తన పాత కథలన్నీ చెప్పి ముగించినట్టున్నాడు. వీళ్ళు చేరేసరికి ఇద్దరూ మళ్ళీ కారెక్కేశారు, ఇంజన్ గుర్రుమంటోంది, కారు ముక్కు కిందికి తిరిగి ఉంది. స్టీరింగు దగ్గర ఆమె అన్నయ్య. ఆమె వ్యాన్‌ని అలాగే వదిలేసి పరిగెత్తి బానెట్‌కి ఎదురుగా రెండు చేతులూ చాపి నిలబడింది.

"ఆపు అన్నయ్యా. దిగు."

అన్నయ్య అద్దం దించి తల బయట పెట్టాడు. వృత్తికి పళ్ళ డాక్టరు. మొహం మాత్రం ఇప్పుడు కొత్త బొమ్మ దొరికిన పిల్లాడిలా వెలిగిపోతోంది. "వచ్చిందండీ మా తుప్పమ్మ. నేను చెప్పలా? నేను మనసుపడ్డ కారు ఒక్కటంటే ఒక్కటి దీనికి నచ్చదు. వేలు పెట్టి వంక చూపించాల్సిందే."

"కారు అడుగున తుప్పు పట్టింది. వెనక ఆర్మ్ ఊడొచ్చేలా ఉంది. దిగు."

"కారు చూడకుండానే చెప్పేస్తున్నావా? భలే."

అటువైపు తలుపు తెరుచుకుంది. పెద్దాయన దిగాడు. వాన మొహం మీద పడుతున్నా తుడుచుకోలేదు. "అమ్మాయ్, తుప్పా? నా కారుకా? దీన్ని మా వాడు కన్నబిడ్డలా చూసుకున్నాడు. వారం వారం కడిగాడు."

"అదేనండీ..."

"మాట పూర్తికానీ. పక్కన కూర్చున్నా కారు సంగతి నా నడుముకి తెలుస్తుంది. ఇందాక ఒక్క అపశబ్దం రాలేదు."

"పైకి వెళ్ళేటప్పుడు రాదండీ. నన్ను ఒక్కసారి స్క్రూడ్రైవర్ పెట్టి చూడనివ్వండి."

"పొడుస్తావా? నా కారుని?" పెద్దాయన గొంతు పెరిగింది. "వద్దు. కొనేవాడు కొంటాడు, లేకపోతే లేదు. బాబూ, నువ్వు పోనీ. కిందికెళ్ళి మాట్లాడుకుందాం."

అన్నయ్య చెయ్యి గేరు మీదికి వెళ్ళింది. "పక్కకి జరుగు తుప్పమ్మా. మెల్లగానే దిగుతాలే."

ఆమె జరగలేదు. "పళ్ళ డాక్టరువి. పుచ్చుపన్ను పైకి తెల్లగానే ఉంటుందని నీకు నేను చెప్పాలా?"

అన్నయ్య నవ్వాడు కానీ ఇంజన్ ఆపలేదు. ఎన్ని కార్లు వద్దందో, ఎన్నిసార్లు అలిగి మాట్లాడకుండా ఉన్నారో, అదంతా ఆ నవ్వులో ఉంది. ఆమె మాటకి ఇక్కడ విలువ లేదని కళ్ళజోళ్ళబ్బాయికి అర్థమైంది. తన మాటకే ఉంది. ఆ మాట అంటే నాన్న మొహం ఎలా అవుతుందో కూడా అతనికి తెలుసు.

"నాన్నా," అన్నాడు. "కింద కన్నాలు నేనే మూసేశాను."

"ఏం కన్నాలురా?"

"నీళ్ళు బయటికి పోయే కన్నాలు. నీళ్ళు లోపలికి పోతాయేమోనని మూసేశాను. నీకు చెప్పలేదు. చెప్పి ఉంటే నువ్వే ఆపేవాడివి."

పెద్దాయన కొడుకు వంక చూస్తూ నిలబడ్డాడు. ఆ కారు గురించి తెలియనిది ఏదీ లేని మనిషికి ఆ ఒక్క వాక్యం చాలు. ఆయన మొహంలో కోపం లేదు. ఏదో లెక్క వేసుకుంటున్నట్టు పెదాలు కదిలాయి, అంతే.

కళ్ళజోళ్ళబ్బాయి పరిగెత్తి, వ్యాన్‌లోని ఆమె సంచిలోంచి స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాడు. నీళ్ళు పారుతున్న రోడ్డు మీద బోర్లా పడుకున్నాడు. కారు పక్క నుంచి చెయ్యి లోపలికి పెట్టి వెనక చక్రం ముందు తడిమాడు. తను ఎంతో మురిపెంగా పూసిన కోటింగ్ వేళ్ళకి నున్నగా తగిలింది.

"చక్రం వైపు తల పెట్టకండి," అంది ఆమె. రెండు చేతులూ బానెట్ మీద ఆనించింది. "చెయ్యి మాత్రమే. అన్నయ్యా, ఇంజన్ ఆపి దిగు. ఆయన కింద ఉన్నాడు."

ఈసారి అన్నయ్య ఆపి దిగాడు.

గట్టిగా పొడవాల్సి వస్తుందనుకున్నాడు కళ్ళజోళ్ళబ్బాయి. స్క్రూడ్రైవర్ పిడి దాకా దిగిపోయింది. లాగగానే నీళ్ళొచ్చాయి. చుక్కలు కాదు, కుళాయి తిప్పినట్టు. గోధుమరంగు నీళ్ళు అతని మోచేతి మీదుగా పారి, తెల్లచొక్కా అంతా తడిపి, రోడ్డు మీది వాననీళ్ళలో కలిసి కిందికి పోయాయి. ఎంతసేపటికీ ఆగలేదు. వెనక ఏదో కిర్రుమంది. కారు ఒక పక్కకి కొంచెం, కళ్ళకి కనపడీ కనపడనంత, ఒరిగింది.

ఆమె అతని చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

ఆ తర్వాత ఆమె టార్చి వేసి చూపిస్తే ముగ్గురూ వంగి చూశారు. ఆర్మ్ బిగించిన చోట ఇనుము చిరిగి, పగులు తాజాగా మెరుస్తోంది. అన్నయ్య ఆ పగులు మీద వేలు ఆనించి చూశాడు. లేచి వెళ్ళి రోడ్డు పక్క గోడ మీద చేతులానించి కింద కనిపిస్తున్న మలుపుల వంక చూశాడు. తర్వాత వచ్చి చెల్లెలి తల మీద చెయ్యి పెట్టాడు. ఆమె ఆ చెయ్యి తోసేయలేదు.

పెద్దాయన మాత్రం కారు పైకప్పు మీద అరచెయ్యి ఆనించి, "పోన్లే," అన్నాడు. కారుతో అన్నాడో కొడుకుతో అన్నాడో తెలియదు. "మనుషులు మిగిలారు."

*

కారుని ట్రక్కు మీదికి ఎక్కించి పంపేసరికి వాన తగ్గుముఖం పట్టింది. పెద్దవాళ్ళిద్దరూ వ్యాన్ వెనక, పనిముట్ల పెట్టెల మీద సర్దుకున్నారు. ఆమె స్టీరింగు ముందు కూర్చుని తాళంచెవి పెట్టబోయింది. చెయ్యి వణికి చెవి జారింది. మళ్ళీ పెట్టబోయింది. మళ్ళీ జారింది. ఇందాక కారుకి అడ్డంగా నిలబడ్డప్పుడు లేని వణుకు ఇప్పుడు వచ్చింది.

"ఇటు రండి, నేను నడుపుతాను," అన్నాడు అతను.

సీట్లు మారారు. కళ్ళజోళ్ళబ్బాయి డ్రైవింగ్ గురించి ఎక్కువ చెప్పకపోవడం మంచిది. పక్క నుంచి సైకిళ్ళు దాటిపోయాయి.

"ఒకటి అడుగుతాను," అంది ఆమె, ముందుకే చూస్తూ. "మాట ఎందుకు తప్పారు? మీ నాన్నగారు ఒత్తిడి చేశారా?"

అవునంటే సరిపోయేది. నాన్న వెనక నుంచి కాదనడు కూడా.

"లేదండీ. నేనే వెళ్ళమన్నాను."

"ఎందుకు?"

"మీరు వచ్చి చూస్తే వద్దంటారేమోనని భయం వేసింది. వద్దంటే ఇంక మీ ఫోన్ రాదు. మీరు రాకముందే అన్నయ్యగారు నడిపి, నచ్చి, సరే అనేస్తే, కాగితాలనీ రిపేర్లనీ ఇంకొన్నాళ్ళు మాట్లాడొచ్చనుకున్నాను." అతను గేరు మార్చాడు. "అందుకోసం మా నాన్నని, మీ అన్నయ్యని ఆ కారులో కొండ మీదికి పంపాను. తలుచుకుంటే ఒళ్ళు జలదరిస్తోంది. మీరు క్షమించకపోయినా న్యాయమే. కానీ మీరంటే నాకు చాలా ఇష్టం. ఇది దాచితే ఇంకేదో మూసేసినట్టే ఉంటుంది."

వెనక పెట్టెలు కూడా కదలడం మానేసినట్టున్నాయి.

ఆమె చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళకంటిన తుప్పు గోక్కుంటోంది. అతను ఒక మలుపు తిప్పాడు, ఇంకో మలుపు తిప్పాడు. ఈ నిశ్శబ్దం కంటే ఇందాకటి రోడ్డు మీద పడుకోవడమే నయమనిపించింది.

"నాకు కోపం తగ్గలేదు," అంది చివరికి.

"తెలుసు."

"ఇప్పట్లో తగ్గదు కూడా."

"సరేనండీ."

"కారు గురించి నేను అడగాల్సినవన్నీ మొదటి ఫోన్లోనే అయిపోయాయి. ఆ తర్వాత ఇన్నాళ్ళూ రోజూ ఫోన్ చేసి ఏం అడిగాననుకున్నారు? వైపర్ల రబ్బరు ఏ కంపెనీది అని ఎవరైనా అడుగుతారా?"

అతను ఆలోచించాడు. నిజమే, ఒకరోజు అదే అడిగింది. ఇతను దాని మీద అరగంట చెప్పాడు.

"కారు బాగాలేకపోతే ఫోన్ రాదని మీకెవరు చెప్పారు?" ఆమె అతని వైపు తిరిగింది. "ఒక్క మాట అడిగితే సరిపోయేదిగా. ఇంత భయపెట్టేముందు ఒక్క మాట నన్నడిగితే సరిపోయేది."

కళ్ళు తుడుచుకుంది. అతను ఎడమచెయ్యి గేరు మీది నుంచి తీసి, ఆమె చేతి పక్కన పెట్టాడు. పట్టుకోవడానికి ధైర్యం చాలలేదు. ఆమే పట్టుకుంది.

వెనక నుంచి దగ్గు వినిపించింది. పెద్దాయనది.

"బాబూ," అన్నాడాయన, పక్కన ముడుచుకు కూర్చున్న పళ్ళ డాక్టరుతో. "మీ ఆవిడకి ఫోన్ చేసి మా ఇంటికే రమ్మను. పెద్దవాళ్ళం కూర్చుని మాట్లాడుకోవాల్సినవి ఉన్నట్టున్నాయి."

"చేస్తానండీ. సిగ్నల్ వచ్చింది." అన్నయ్య ఫోన్ తీశాడు, ఆగాడు. "ఏమని చెప్పను? కారు తేలేదేంటని అడుగుతుంది."

ఎవరూ మాట్లాడకముందే ఆమె వెనక్కి తిరగకుండానే చెప్పింది.

"కారు కుదర్లేదు, నీకు బావ కుదిరాడని చెప్పు."

కళ్ళజోళ్ళబ్బాయి కాలు క్లచ్ మీది నుంచి జారింది. వ్యాన్ ఒక్క ఊపు ఊగి, కొండ రోడ్డు మధ్యలో ఆగిపోయింది. వెనక వచ్చే బస్సువాడు హారన్ కొట్టాడు, మళ్ళీ కొట్టాడు. కాసేపటిదాకా వ్యాన్‌లో ఎవరికీ అది వినపడలేదు.